గడ్డిలో వంతెన

కళ్ళతో చూడకుండా వేసిన లెక్క, అంకెలన్నీ సరిపోయినా సరే, అబద్ధం కిందికి వస్తుందా రాదా? ఈ అనుమానం అంచనాల గుమాస్తాను ముప్ఫై ఏళ్ళుగా చెప్పులో రాయిలా గుచ్చుతూనే ఉంది. రోజూ పొద్దున దేవుడి ముందు కూర్చున్నప్పుడు అడిగేవాడు. దేవుడు ఏమీ అనేవాడు కాదు. ఆఫీసులో ఫైలు మీద ఎవరూ అభ్యంతరం రాయకపోతే మంజూరైనట్టే. దేవుడి సంగతీ అంతేలే అనుకుని, లేచి చొక్కా తొడుక్కునేవాడు.

ఊళ్ళో రోడ్లకూ కాలువలకూ వంతెనలకూ వచ్చే ఏడాది ఎంత డబ్బు కావాలో రాయడం ఆయన పని. నిరుటి కాగితం ముందు పెట్టుకుని ప్రతి అంకెకూ పదోవంతు కలిపితే సరి. ఉద్యోగంలో చేరిన కొత్తలో మాత్రం, ఊరి చివర ఏటి మీదున్న నడక వంతెనను స్వయంగా కొలిచి వచ్చాడు. అప్పటినుంచి ఆ వంతెనకు ఏటేటా రంగు వేయించడానికి డబ్బు రాస్తున్నాడు. మళ్ళీ అటువైపు అడుగు పెట్టలేదు.

ఈ ఏడు పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. పెట్టిన డబ్బుకు తగ్గ ఫలం దక్కుతోందో లేదో తెలియాలట. అందుకని ప్రతి పని పక్కనా కొత్తగా ఒక గడి గీశారు: 'రోజుకు ఎంతమంది వాడుతున్నారు?' ఆ గడికి నిరుటి అంకె లేదు. కలం అక్కడికి వచ్చి ఆగిపోయింది.

"రెండొందలని రాసెయ్యండి అన్నగారూ," అన్నాడు వయసులో చిన్నవాడైన సూపరింటెండెంటు. "వచ్చే ఏడు దానికీ పదోవంతు కలుపుదురుగాని."

"ఒకసారి చూసొస్తానండీ."

"ముప్ఫై ఏళ్ళుగా లేని కాళ్ళు ఇప్పుడొచ్చాయా?"

మర్నాడు తెల్లవారుతూనే బయల్దేరాడు. పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే, వీధులు ఆయన అడుగు పడ్డాకే పుడుతున్నట్టున్నాయి. ఊరు దాటాక మంచులోంచి వంతెన తేలి వచ్చింది. కొత్తగా ఆకుపచ్చ రంగు వేసుకుని పెళ్ళికూతురిలా ఉంది. ఎక్కి నడిమధ్యన కూర్చున్నాడు, వచ్చేపోయేవాళ్ళను లెక్కపెడదామని. ఎవరూ రాలేదు. ఒక ఆవు వచ్చి కమ్మీకి మెడ రుద్దుకుని వెళ్ళిపోయింది. నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది గానీ కిందినుంచి కాదు. వంగి చూశాడు. వంతెన కింద మోకాలెత్తు గడ్డి, మంచులో మెల్లగా ఊగుతోంది. తాను ముప్ఫై ఏళ్ళుగా కలుపుకుంటూ వచ్చిన పదోవంతులన్నీ ఇక్కడే మొలిచాయా అనిపించింది ఒక్క క్షణం. కల కాదు కదా అని కమ్మీ తడిమాడు. చేతికి రంగు అంటింది.

చప్పుడు వెంట వంద అడుగులు వేస్తే ఏరు కనిపించింది. దాని మీద రెండు దుంగలు. జనం ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, మాట్లాడకుండా, నిద్రలో నడుస్తున్నట్టు దాటుతున్నారు. ఒడ్డున ఒక ముసలి వడ్రంగి దుంగకు మేకు కొడుతున్నాడు. ఆ ముఖాన్ని గుమాస్తా చూడగానే గుర్తుపట్టాడు.

"వంతెన అక్కడుంటే ఏరు ఇక్కడుందేం, పెద్దాయనా?"

"పన్నెండేళ్ళ కిందట వరదకి ఏరు ఇటు జరిగింది బాబూ. వంతెన జరగలేదు. పాపం, దానికి ఆర్డరు రాలేదేమో."

"ఏటా రంగు వేసేవాళ్ళకి చెప్పలేదా?"

"చెప్పకేం? రంగెయ్యమన్నారు గానీ ఏరు చూడమన్లేదన్నారు." వడ్రంగి ఇంకో మేకు తీశాడు. "వానాకాలంలో ఈ దుంగలు కొట్టుకుపోతాయి. మళ్ళీ వేస్తాను. పోయినసారి ఒకావిడ జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. అసలు మీ ఆఫీసోళ్ళని నమ్మకూడదులే. ఎప్పుడో ఒక కుర్ర గుమాస్తా వంతెన కొలవాలని నా టేపు పట్టుకెళ్ళాడు. సాయంత్రానికి తెచ్చిస్తానన్నాడు. ఏ సాయంత్రమో చెప్పలేదు."

గుమాస్తా పక్కకు వెళ్ళి, ఎండెక్కేదాకా దుంగల మీద దాటేవాళ్ళను లెక్కపెట్టాడు. నూట నలభై ఆరుగురు.

ఆఫీసుకు వెళ్ళి వంతెన పక్క గడిలో సున్నా వేశాడు. సూపరింటెండెంటు ముఖంలో నవ్వు పోయింది.

"సున్నా వేస్తే పన్నెండేళ్ళ రంగు ఎవరి నెత్తిన పడుతుందో తెలుసా? కాగితాలన్నిటి మీదా మీ సంతకమే. ఏడాదిన్నరలో పింఛను. కోరి కొరివితో తల గోక్కుంటారా?"

గుమాస్తా మళ్ళీ కలం తీశాడు. ఇంట్లో భార్య ఉంది, తీరని ఇంటి అప్పు ఉంది. సున్నాను కొట్టేసి రెండొందలు వేయడానికి రెప్పపాటు చాలు. అరచేతికంటిన ఆకుపచ్చ రంగు ఇంకా పోలేదు.

"సున్నా ఉండనివ్వండి బాబూ. రంగు పద్దు కొట్టేద్దాం. ఏరున్న చోటికి కొత్త వంతెన రాస్తాను. పన్నెండేళ్ళ రంగుతో దాంట్లో సగం వచ్చేది."

"సంజాయిషీ అడుగుతారు మరి."

"అడగనివ్వండి. నాకూ ఎవరైనా అడిగితే బాగుండుననే ఉంది."

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి బీరువా పైనుంచి తోలు డబ్బీ ఒకటి దించాడు. దాన్ని చూసినప్పుడల్లా భార్య 'ఎరువు సొమ్ము బరువు చేటు' అని పాడే పాటే పాడేది.

"ఇవాళ దానికి కాళ్ళొచ్చాయేమిటండీ?" అంది.

"నాకొచ్చాయి," అన్నాడు.

ఏటి మీద ఎండ పల్చబడి బంగారు నీరులా ఉంది. వడ్రంగి అవతలి ఒడ్డున పనిముట్లు సర్దుకుంటున్నాడు. గుమాస్తా టేపు కొస పట్టుకుని దుంగల మీద నడిచి, దాన్ని ఆయన చేతికిచ్చాడు. తర్వాత డబ్బీలోంచి టేపు విప్పుకుంటూ వెనక్కి వచ్చి ఇవతలి ఒడ్డున నిలబడ్డాడు. ఇద్దరి మధ్యా టేపు నీళ్ళ మీద సన్నగా మెరిసింది. వడ్రంగి తన చేతిలోని కొస వంక చాలాసేపు చూశాడు.

"గట్టిగా పట్టుకో పెద్దాయనా, కొత్త వంతెనకి," అన్నాడు గుమాస్తా.

వడ్రంగి గట్టిగా పట్టుకున్నాడు. గుమాస్తా వెడల్పు చూసి, రాసుకుని, టేపు చుట్టుకుంటూ మళ్ళీ దుంగలు దాటి వెళ్ళి, డబ్బీని ఆయన అరచేతిలో పెట్టాడు.

"సాయంత్రానికి ఇస్తానన్నాను కదా," అన్నాడు.