అరువు కళ్ళు

ముసలామె ఎడమ కన్ను కుదిరింది. కుడి కన్నే మొండికేస్తోంది.

తిమ్మరాజు కుర్చీలో ముందుకు వంగి, మానిటరుకు జానెడు దూరంలో మొహం పెట్టి, మౌసును గోరంత గోరంత జరుపుతున్నాడు. తెర మీద ఉన్నది గురుబరపల్లి చౌడప్ప వాళ్ళమ్మ. ఆమె పోయిన రోజు ఇంటి ముందర కుర్చీలో కూర్చోబెట్టి, దవడ జారకుండా గుడ్డ కట్టి తీసిన ఫోటో అది. ఆ గుడ్డను నిన్ననే చెరిపేశాడు. ముక్కులో దూది తీసేశాడు. చెంపలకు కాస్త రంగు పూసి, వెనకున్న మట్టిగోడను తుడిచేసి నీలం తెర వేశాడు. ఇక మిగిలింది కళ్ళు తెరిపించడం.

ఆ చుట్టుపక్కల అదొక పద్ధతి. బతికున్నన్నాళ్ళూ ఫోటో దిగని మనిషిని పోయిన రోజున తప్పకుండా దింపుతారు. స్టూడియోవాడికి కబురు వస్తుంది. అతను పరుగెత్తాలి. కళ్ళు మూసుకున్న బొమ్మను ఇంట్లో పెట్టుకోకూడదు గనక, వాటిని తెరిపించి పటం కట్టించి ఇచ్చే బాధ్యతా అతనిదే. హోసూరు నుంచి కృష్ణగిరి దాకా ఈ పనికి తిమ్మరాజే తగినవాడని పేరు. పేరంటే ఏమంత గొప్పది కాదు. బస్సులో పక్కన కూర్చున్నవాడు గుర్తుపట్టేంత పేరు కాదు. ఇంట్లో చావు జరిగినప్పుడు మాత్రమే గుర్తొచ్చే పేరు.

మనిషి కూడా అలాగే ఉంటాడు. సన్నగా, చామనచాయగా, నలభై నిండకుండానే మెడ ముందుకు సాగి, కెమెరాలో చూసీ చూసీ ఎడమ కన్ను కాస్త చికిలించుకుపోయి. చేతివేళ్ళ మీద పాత డార్క్‌రూమ్ మందుల మచ్చలు ఇంకా పోలేదు. మూకండపల్లిలో బేకరీకి, సైకిల్ షాపుకి నడుమ ఇరుక్కున్న గది అతని స్టూడియో. ముందు గల్లా బల్ల, మధ్యలో కంప్యూటరు, పరదా వెనక పాస్‌పోర్టు ఫోటోలు తీసే మూల. ఎక్కడ కూర్చున్నా బేకరీ వాసన వస్తుంది, అందుకే అతనికి పొద్దున్నించీ ఆకలి వేస్తూనే ఉంటుంది.

కుడి కన్ను కుదిరింది. రెప్ప కింద మూడు ముడతలు గీసి, కనుపాప చుట్టూ ముసలివాళ్ళకుండే బూడిద రంగు అద్దాడు. వెనక్కి వాలి చూశాడు. ముసలామె అతన్ని తేరిపార చూసింది.

ఆ కళ్ళు ఆమెవి కావు. తిమ్మరాజు పెళ్ళాం మంజువి.

మంజువంటే ఇప్పటి మంజు కూడా కాదు. తొంభై ఆరులో వాళ్ళ నిశ్చితార్థానికి శేషప్ప పెద్ద కెమెరాతో తీసిన ఫోటోలోని మంజు. శేషప్ప తిమ్మరాజుకు పని నేర్పిన యజమాని, ఇప్పుడు లేడు. ఆ రోజు సిగ్గుపడి తల దించుకోవలసిన పెళ్ళికూతురు కెమెరాను సూటిగా చూసింది. శేషప్ప ఆ మాట చెప్పి తిమ్మరాజును చాలాకాలం ఏడిపించాడు. అంత స్పష్టంగా, అంత నిండుగా వచ్చిన కళ్ళు తిమ్మరాజు దగ్గర మరో జత లేదు. వాటినే కత్తిరించి పెట్టుకున్నాడు. ముసలివాళ్ళకైతే ముడతలు కలుపుతాడు, మగవాళ్ళకైతే వెంట్రుకలు తగ్గించి కనుబొమ్మలు దించుతాడు. ఎవరూ పోల్చుకోలేదు. ఈ సంగతి మంజుకు తెలియదు.

తెలియకుండా ఉంచడానికి కారణముంది. అతను మొట్టమొదట కంప్యూటరులో తెరిపించిన కళ్ళు తన బిడ్డవి.

రెండువేల సంవత్సరంలో మంజుకు నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది. ఫిట్లు వచ్చి మంజు స్పృహలో లేదు. బిడ్డ అద్దాల పెట్టెలో కొద్ది రోజులు ఉండి పోయింది. తల్లి చేతికి వచ్చేసరికి కళ్ళు మూతపడి, గుడ్డలో చుట్టి ఉంది. ఆ తర్వాత మంజు ఇంట్లో గోడవైపు తిరిగి పడుకుంది. అన్నం ముట్టలేదు, మాట్లాడలేదు. తిమ్మరాజుకు భయం వేసింది. అప్పుడే కొన్న కంప్యూటరు ముందు కూర్చుని, బిడ్డ పోయాక తీసిన ఒకే ఒక్క ఫోటోలో, చిన్నవి చేసిన మంజు కళ్ళు పెట్టాడు. పటం కట్టించి తీసుకెళ్ళి ఆమె ముందు నిలబెట్టాడు. మంజు లేచి కూర్చుంది. చాలాసేపు చూసి, "నా కండ్లే," అంది. ఆ పూట అన్నం తింది.

అది అబద్ధమని అతనికి అప్పుడు అనిపించలేదు. మందు అనిపించింది. ఆ మందు మీదే మంజు ఇన్నేళ్ళుగా బతుకుతోంది. మళ్ళీ కాన్పు రాలేదు. పొద్దున్నే ఆ పటానికి పువ్వు పెట్టి, దండం పెట్టి, బిడ్డతో రెండు మాటలు చెప్పి గానీ పొయ్యి ముట్టించదు.

తిమ్మరాజు మాత్రం ఎదిగాడు. పెళ్ళి కార్డులు తెలుగు, తమిళం, కన్నడం మూడింట్లోనూ తనే అక్షరాలు గీసి వేశాడు. ఫ్లెక్సులు వచ్చాక ఫ్లెక్సులు చేశాడు. మోటారు సైకిలు మీద అంచెట్టి కొండల్లోకి పోయి పశువులను, పశువుల వెంట నడిచే మనుషులను ఫోటోలు తీశాడు. వాటిని ఎక్కడ పెట్టాలో తెలియక, బ్లాగు అనేదొకటి ఉందని ఎవరో చెప్తే, కిందటేడు తెలుగులో మొదలుపెట్టాడు. మొదట్లో చదివేవాళ్ళు తనూ, తన కంప్యూటరూ. తర్వాత ముక్కూమొహం తెలియనివాళ్ళు వచ్చి బాగుందని రాయసాగారు. చనిపోయినవాళ్ళకు కళ్ళు తెరిపించే పని గురించి పోయిన వారం రాశాడు, ఎవరి కళ్ళో మాత్రం రాయలేదు. అది చదివి బెంగుళూరులో డిజైను ఆఫీసు నడిపే గోపాలకృష్ణ ఫోన్ చేశాడు. సోమవారం వచ్చి పని చూపించమన్నాడు, నచ్చితే తన దగ్గరే ఉండమన్నాడు. మొట్టమొదట చేసిన బొమ్మ కూడా తెమ్మని ప్రత్యేకంగా చెప్పాడు.

అందుకే రెండు రోజులుగా తిమ్మరాజుకు కాలు నేల మీద నిలవడం లేదు.

చౌడప్ప వచ్చాడు. గుండు చేయించుకున్న తల మీద తువ్వాలు, కాళ్ళకు రోడ్డు దుమ్ము. తిమ్మరాజు మానిటరు అతనివైపు తిప్పాడు. చౌడప్ప ఒక అడుగు వెనక్కి వేసి, తలుపు పట్టుకున్నాడు. అందరూ అలాగే అదిరిపడతారు. తిమ్మరాజు ఎదురుచూసేది ఆ క్షణం కోసమే.

"నన్నే చూస్తా ఉందప్పా," అన్నాడు చౌడప్ప. తువ్వాలుతో మొహం తుడుచుకుని మళ్ళీ చూశాడు. "మాయమ్మ కండ్లు ఇంత పెద్దవా? నేనెప్పుడూ సరిగా చూసిందే లేదే."

తిమ్మరాజు పటం సాయంత్రానికి ఇస్తానని చెప్పి పంపాడు. అతను వెళ్ళాక సంతోషంగా ఈల వేసుకుంటూ, బెంగుళూరు తీసుకెళ్ళవలసిన బొమ్మలన్నీ ఒక్కొక్కటే తెరిచి పెట్టుకున్నాడు. ఈలోగా ఎవరో ఫ్యాక్టరీ కుర్రాడు పాస్‌పోర్టు ఫోటోకు వస్తే, అతన్ని పరదా వెనక్కి తీసుకెళ్ళాడు.

తిరిగి వచ్చేసరికి మంజు కంప్యూటరు ముందు నిలబడి ఉంది. ఎప్పటిలాగే మధ్యాహ్నానికి రాగి సంగటి తెచ్చింది. క్యారియరు ఇంకా చేతిలోనే ఉంది. తెర మీద చౌడప్ప వాళ్ళమ్మ, ఆమె పక్కన బాగలూరు రెడ్డిగారి తమ్ముడు, అతని పక్కన ఎవరో పడుచు పిల్ల. మూలన విడిగా, మొహమేదీ లేకుండా రెండు కళ్ళు.

"ఈ కండ్లు యాడివి?" అంది మంజు.

ఆ క్షణంలో ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. తిమ్మరాజుకు ఆ ఆలోచనే రాలేదు. పొద్దున్నించీ కడుపులో ఉబ్బుతున్న సంతోషం అతని చేత మాట్లాడించింది. కుర్చీ లాక్కుని కూర్చుని బొమ్మ వెనక బొమ్మ చూపించాడు. ఇది శూలగిరి ఆమె, ఇది బర్గూరు మేస్త్రి. నిశ్చితార్థం ఫోటో సంగతీ, శేషప్ప ఏడిపించిన సంగతీ చెప్పాడు.

"నీ కండ్లు కృష్ణగిరి దాకా ఉండాయి మంజూ. ఎన్నిండ్లలో పూలు పెడతా ఉండారో నీకి," అన్నాడు. పెళ్ళానికి పట్టుచీర తెచ్చినవాడిలా ఆమె మొహంలోకి చూశాడు.

మంజు నవ్వలేదు. వంగి, తెర మీది కళ్ళను ఒక్కొక్కదాన్నీ చూసింది. మగవాళ్ళకు కూడా తన కళ్ళే పెట్టాడా అని మెల్లగా అడిగింది. అవునన్నాడు. తనతో ఒక మాట అనాలని ఎప్పుడూ తోచలేదా అంది. పనిలో పడి తోచలేదన్నాడు. ఆమె క్యారియరును బల్ల మీద పెట్టింది.

"పాపకీ ఇవేనా?"

తిమ్మరాజు చేతిలో మౌసు ఆగిపోయింది. పరదా వెనక కుర్రాడు తల దువ్వుకుంటూ బయటికొచ్చి, ఇద్దరినీ చూసి, ఫోటో రేపు తీసుకుంటానని గొణిగి వెళ్ళిపోయాడు.

"అప్పుడు నువ్వు కూడు తినకుండా పడుకోనుంటివి," అన్నాడు తిమ్మరాజు. "నువ్వు కూడా పోతావని భయపడితిని."

మంజు అది విన్నదో లేదో తెలియలేదు. ఆమె మొహంలో కోపం లేదు, ఏడుపు లేదు. తెలియని ఊళ్ళో బస్సు దిగి, అది తన ఊరు కాదని తెలుసుకున్న మనిషిలా ఉంది.

"ఇన్నేండ్లూ నాకి నేనే దండం పెట్టుకుంటా ఉంటినా," అంది.

తర్వాత, చాలా మామూలు గొంతుతో, ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు అడిగింది. "దాని కండ్లు ఎట్లుండె? నేను చూడలే. నువ్వు చూసినావు కదా. చెప్పు."

నిజమే, చూశాడు. బిడ్డ కళ్ళు తెరిచింది రమ్మని నర్సు పిలిస్తే, కెమెరా మెడలో ఉండగానే వెళ్ళి అద్దాల పెట్టె దగ్గర నిలబడ్డాడు. బిడ్డ అతనివైపు చూసింది. ఫ్లాష్ పడితే పసి కళ్ళకు దెబ్బని తీయలేదు. ఆ సంగతి మంజుకు స్పృహ వచ్చిన రోజే చెప్పాడు. ఆమె ఇన్నేళ్ళు దాన్ని దాచుకుంది.

తిమ్మరాజు చెప్పడానికి నోరు తెరిచాడు. చెప్పడానికి లోపల ఏమీ లేదు.

మంజు కొంగు సర్దుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

అతను సంగటి తినలేదు. కళ్ళు మూసుకుని కూర్చుని గుర్తు తెచ్చుకోబోయాడు. అద్దాల పెట్టె గుర్తుంది, అందులో పచ్చటి బల్బు గుర్తుంది. ముక్కుకు పెట్టిన గొట్టం, చిటికెన వేలి గోరు, తల మీది నూగు అన్నీ వచ్చాయి. మొహం దగ్గరికి వచ్చేసరికి మంజు కళ్ళే వచ్చాయి, తను చిన్నవి చేసి పెట్టినవి. వాటిని పక్కకు తోశాడు. వాటి కింద మూసిన రెప్పలున్నాయి. మళ్ళీ మొదటి నుంచి, ఆసుపత్రి మెట్ల దగ్గర నుంచి నడిచి వచ్చాడు. మళ్ళీ అవే కళ్ళు. లోకంలో ఆ బిడ్డ కళ్ళను చూసి గుర్తుంచుకోవలసినవాడు తనొక్కడే. ఆ ఒక్కడూ వాటిని పోగొట్టేశాడు. ఎప్పుడు పోగొట్టాడో కూడా అతనికి తెలియలేదు, తెలియకపోవడమే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

గోపాలకృష్ణ ఫోన్ చేసి, మొదటి బొమ్మ దొరికిందా అని అడిగాడు. తిమ్మరాజు అది లేదని చెప్పాడు. సోమవారం రాలేనని కూడా చెప్పాడు. ఎందుకని ఆయన అడుగుతుండగానే పెట్టేశాడు. చౌడప్ప పటం కోసం వచ్చినప్పుడు అతని మొహం చూడలేక, కాగితంలో చుట్టి చేతికిచ్చేశాడు.

పొద్దు వాలకముందే స్టూడియో మూసి ఇంటికి వెళ్ళాడు. వరస ఇళ్ళలో చివరిది వాళ్ళది. పక్కింటి నాగక్క కొళాయి దగ్గర బిందె కింద పెట్టి అతన్ని ఆపింది. మంజు మధ్యాహ్నమే అంచెట్టి బస్సుకు పోయిందని చెప్పింది. అమ్మ మునిలక్ష్మమ్మ దగ్గరికట. ఎప్పుడొస్తావంటే, రానని తల ఊపిందట.

"పాప కండ్లు ఎట్లుండెనో నీకేమన్నా తెలుసా నాగక్కా అని అడిగెనప్పా. నాకెట్ల తెలుస్తుంది? నేను ఈడికి వచ్చింది మొన్న కదా," అంది నాగక్క.

తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల అన్నీ సర్దినట్టే ఉన్నాయి. గిన్నెలు బోర్లించి ఉన్నాయి. దండెం మీద ఆమె చీరలు లేవు. గోడ మీది పటానికి పొద్దున పెట్టిన పువ్వు అలాగే ఉంది. తిమ్మరాజు తలెత్తి అటు చూడలేకపోయాడు. మంచం మీద కూలబడితే చేతికి పాత చీర ముక్క మూట ఒకటి తగిలింది. విప్పితే చిన్న ఇత్తడి భరిణె. అతనెప్పుడూ చూడని భరిణె.

వెనకే వచ్చి గడప దగ్గర నిలబడిన నాగక్క చెప్పింది. "మంజు కడుపుతో ఉన్నప్పుడు వాళ్ళమ్మ ఆముదం దీపం మీద పట్టిన కాటుకంట అది. పాపకి పెట్టాలని. యాడికి పోయినా తీసుకొనే పోతుండె. ఈసారి వదిలేసి పోయిందే."

తిమ్మరాజు మూత తీశాడు. లోపల కాటుక గట్టిపడి, నల్లగా, నున్నగా, ఒక్క వేలి గుర్తు కూడా లేకుండా ఉంది.