మెడ అంటే విశ్వాసం

పాస్టరుగారు పదకొండేళ్ళుగా ఒకే పుస్తకం రాస్తున్నారు: పరిశుద్ధ గ్రంథంలోని ప్రేమగీతానికి ఆధ్యాత్మిక వ్యాఖ్యానం. ఆయన రాస్తారు, పాస్టరమ్మ టైపు చేస్తుంది, ఆయన ఎర్ర పెన్సిలుతో దిద్దుతారు, ఆమె మళ్ళీ టైపు చేస్తుంది. ఆమె వేళ్ళు అరిగిపోతున్నాయి గానీ పుస్తకం మాత్రం తెమలడం లేదు.

ఆ గీతంలో ప్రియుడు ప్రియురాలి అందాన్ని నోరారా పొగుడుతాడు. పాస్టరుగారి లెక్కలో మాత్రం ప్రియుడు ప్రభువు, ప్రియురాలు సంఘం. మెడ అంటే విశ్వాసం, పళ్ళంటే ప్రార్థనలు, జుట్టంటే భక్తుల సమూహం. ఆ పిల్లకు సొంతంగా ఒక్క వెంట్రుక కూడా మిగల్చలేదు మహానుభావుడు. మెడ పట్టేసి, ఒక చేత్తో నొక్కుకుంటూనే పాస్టరమ్మ ఆ విశ్వాసం పేజీని నాలుగోసారి టైపు చేసింది.

"ఏవండీ, ఒక్కచోటైనా ఇది మొగుడూ పెళ్ళాల మాట కూడా అని రాయకూడదూ?"

"అది పామరుల చదువు," అన్నారాయన తలెత్తకుండా.

ఆమెకు ఒళ్ళు మండింది. ప్రభువు ప్రేమ మీద ఆమెకు సందేహం లేదు. ఈ మనిషి తన ముఖం చూసి ఒక మంచి మాట అని ఎన్నేళ్ళయిందో గుర్తు రాకపోవడమే ఆమె బాధ.

ఎట్టకేలకు పుస్తకం ఒక కొలిక్కి వచ్చింది, మర్నాడు ప్రెస్సుకు వెళ్ళాలి. ఆ మధ్యాహ్నం ఆమె బీరువాలో బట్టల అడుగునుంచి ఒక పాత ఉత్తరం తీసింది. పెళ్ళి కుదిరిన కొత్తలో ఆయన రాసింది. అందులోని నాలుగు వాక్యాలు ఒక్క అక్షరం మార్చకుండా టైపు చేసి, ఆ మెడ పేజీ చివర చేర్చింది.

సాయంత్రం ఆయన దిద్దుతూ అక్కడ ఆగారు.

"'నీ మెడ మీద పుట్టుమచ్చ చూసినప్పటి నుంచి నాకు చదువు బుర్రకెక్కడం లేదు'... ఇదేమిటోయ్? ఎవరో కుర్రకుంక రాత. ఎక్కణ్ణుంచి వచ్చిపడింది?"

నాలుగు వాక్యాలనూ అడ్డంగా కొట్టేశారు.

ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఉత్తరం తెచ్చి ఆయన ముందు పెట్టింది. అడుగున ఆయన సంతకం ఉంది.

ఆయన ఉత్తరం చూశారు, పేజీ చూశారు, తర్వాత ఇన్నేళ్ళకు మళ్ళీ ఆమె మెడ వైపు చూశారు. సొరుగులోంచి రబ్బరు తీసి గీతల మీద రుద్దారు. ఎరుపు ఇంకాస్త అలుముకుంది.

"పోవడం లేదే," అన్నారు చిన్నగా.

"పోదు. మళ్ళీ రాయాలి," అందామె. "ఈసారి నేను టైపు చెయ్యను."