దండెం తాడు

ప్రతి నెలా మొదటి రోజున ఆ ఇంట్లో బట్టలు ఆరవు. ఆమె దండెం మీద ఉన్నవన్నీ తీసి కుర్చీలో కుప్పేసి, తాడు విప్పుకుని, చివర ఇనప నట్టు కట్టి చేనుకు వెళ్తుంది. మోటారు తీసేసిన పాత బోరులోకి తాడు వదులుతుంది. నట్టు నీళ్లను తాకిన చప్పుడు వినగానే అక్కడ ముడి వేసి, పైకి లాగి, రెండు చేతులూ బార్లా చాపి కొలుస్తుంది. ఎన్ని బారలో వంటింటి తలుపు వెనక సుద్దతో రాస్తుంది. ఈ రెండేళ్లలో తాడు చాలక రెండుసార్లు కొత్త ముక్క కలిపింది.

ఇదేం సరదాకి కాదు. రెండో బోరు వేసిన ఏడాదే పెరట్లో చేతిపంపు ఎండిపోయింది. పొలానికి నీళ్లొచ్చాయని ఇల్లంతా సంబరపడింది. ఇంట్లోకి ఎలా వస్తాయని ఒక్కరూ అడగలేదు, ఆమె ఉంది కదా. వీధి చివర కొళాయి నుంచి రోజుకు పన్నెండు బిందెలు. నడుం పట్టేసిందంటే అత్తగారు, "నాలుగు బిందెలకే అరిగిపోతావా" అంది. పన్నెండు కాస్తా నాలుగెలా అయ్యాయో ఆవిడకే తెలియాలి. తాడు పట్టుకుని బయల్దేరితే మామగారు, "పనీపాటా లేక తాడాట మొదలెట్టింది" అన్నాడు. అప్పుడు ఆమెకు ఒళ్లు మండింది. ఇప్పటికీ మండుతూనే ఉంది.

ఇప్పుడు భర్తకు మూడో బోరు కావాలి. గుర్తు పెట్టిన చోటు సరిగ్గా ఆ కొళాయికి నీళ్లిచ్చే బోరు పక్కనే. అదీ ఎండితే ఇంకెంత దూరం నడవాలి? నడిచేది ఎవరో వేరే చెప్పాలా? పాత బోరులో నీళ్లు నూట యాభై అడుగుల కన్నా కిందికి దిగితే కొత్త బోరుకు అనుమతి ఇవ్వరట. తలుపు మీద ముప్పై ఒకటి చూసి భర్త తనే తాడు పట్టుకెళ్లాడు. ఆరడుగులు దాటిన మనిషి, పొడుగాటి చేతులు. ఇరవై నాలుగు బారలని నవ్వుకుంటూ వచ్చాడు.

"నీళ్లు పైనే ఉన్నాయే. నీ చేతులు పొట్టి, అందుకే నీకు లోతుగా కనిపిస్తోంది."

ఆ మాటకు మామగారు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆమె సుద్దముక్క తీసుకుని, చెరిగిపోతున్న ముప్పై ఒకటిని మళ్లీ దిద్దింది.

మర్నాడు ఉదయం బోరుకు అనుమతి ఇచ్చే ఇంజనీరు వచ్చాడు. వసారాలో కూర్చుని కాగితం తీసి, నీళ్లెంత లోతని అడిగాడు. ఆమె టీ అందిస్తోంది.

"ఇరవై నాలుగు బారలు సార్. బారకి ఆరడుగులు వేసుకోండి, నూట నలభై నాలుగు" అన్నాడు భర్త.

"ముప్పై ఒకటి" అంది ఆమె.

భర్త మొహం మాడిపోయింది. "దాని చేతులు పొట్టి సార్. దాని లెక్క అంతే."

ఆమె పళ్లెం కింద పెట్టింది.

"నా చేతులు పొట్టివే సార్. రెండేళ్ల కిందటా ఇవే చేతులు. అప్పుడు పద్దెనిమిది బారలు, ఇప్పుడు ముప్పై ఒకటి. నా చేతులు కురచైపోయాయో, నీళ్లు కిందికి పోయాయో మీ టేపు దించి చూడండి."

ఆమె వంటింటి తలుపు వెనక చూపించిన సుద్ద అంకెలను ఇంజనీరు ఒక్కొక్కటే చదివాడు. తర్వాత బండిలోంచి టేపు తెచ్చి పాత బోరులోకి దించాడు. నూట యాభై ఎనిమిది అడుగులు. అదే రాసుకుని, బోరు కుదరదని చెప్పి వెళ్లిపోయాడు.

"పదిమందిలో నా పరువు తీశావు" అన్నాడు భర్త. అక్కడున్నది ఐదుగురే. ఆమె దండెం కట్టుకుని, తడి బట్టలు ఒక్కొక్కటే దులిపి ఆరేసింది.

కాసేపటికి అతను తువ్వాలు భుజాన వేసుకుని పెరట్లోకి వచ్చాడు. "స్నానానికి నీళ్లేవి?"

ఆమె ఖాళీ బిందెలు రెండూ తెచ్చి అతని ముందు పెట్టింది.

"వీధి చివర ఉన్నాయి. మీ చేతులు పొడుగు కదా, త్వరగానే అందుతాయి."