చిన్నకోడలి గాజుసీసా

పై అంతస్తులో చిన్నకోడలు, కింద పెద్దకోడలు. తిండి పారేయకుండా బతకడమెలాగో చిన్నావిడ ఆన్‌లైన్‌లో పాఠాలు చెబుతుంది. తన ఏడాది చెత్తంతా ఒక్క గాజుసీసాలో పట్టేస్తుందట! ఆ సీసా పట్టుకుని ఆవిడ నవ్వుతుంటే రెండు వేల మంది నోళ్ళు వెళ్ళబెట్టి చూస్తారు.

పెద్దావిడ పదకొండేళ్ళుగా బడి క్యాంటీన్‌లో వంట చేస్తోంది. ఈ ఏడు హెడ్‌కుక్ పని తనకే అనుకుంది. అంతలో నాలుగో పాఠంలో ఆమె చెత్తడబ్బా ప్రత్యక్షమైంది. చిన్నావిడ మూత తీసి, కుళ్ళిన కూరలు చూపించి, తోటికోడలు మంచిదేగానీ పారేసేటప్పుడు చెయ్యి ఆగదని జాలిపడింది. క్యాంటీన్ మేనేజరమ్మ కూడా ఆ కోర్సులోనే ఉంది. ఇలాంటి మనిషికి స్టోరు తాళాలెలా ఇస్తామంది. నెలాఖరుకి ఇంకొకరిని చూస్తానంది.

పెద్దావిడకు ఒళ్ళు మండిపోయింది. అవి ఆమె వండినవైతే కదా! ఆమె పనికి వెళ్ళగానే పైనుంచి దిగొచ్చి డబ్బాలో పడేవి. మరిది పెళ్ళామని ఇన్నాళ్ళూ ఊరుకుంటే నెత్తికెక్కి కూర్చుంది.

కిమ్మనకుండా కోర్సులో చేరింది. వారం పాటు ఇంటి చెత్త తూచి, ఫొటోలు తీయడం హోంవర్కు. అక్క డబ్బా ఎంత తూగితే తన పాఠం అంత రక్తికడుతుందని చిన్నావిడ ఆ వారం ఇంకా ఎక్కువ పడేసింది. పెద్దావిడ రోజూ డబ్బాలో పడ్డ పొట్లాలు విప్పి, పేపరు మీద పరిచి ఫొటోలు తీసింది. కంపుకి ముక్కు బద్దలవుతున్నా ప్రాణానికి ఎంత హాయిగా ఉందో!

చివరి క్లాసులో అందరినీ నవ్విద్దామని చిన్నావిడ అక్కనే ముందు పిలిచింది. ఫొటోలు తెర మీదికొచ్చాయి. ముట్టని రొట్టె, పులిసిన పెరుగు, బూజుపట్టిన కూర. ప్రతి పొట్లం మీదా తేదీ రాసిన నీలం చీటీ. మిగిలినదానికి అలా చీటీ అంటించాలని రెండో పాఠంలో చిన్నావిడే రాసి మరీ చూపించింది. డబ్బా వీడియో తీసిన రోజు చీటీలు పీకేసింది, మిగతా రోజులు చీటీలదాకా ఎవరు చూస్తారులే అనుకుంది.

"కూరగాయల తొక్కలు నావి చెల్లీ, గుప్పెడున్నాయి. ఈ చీటీల మీద రాత ఎవరిదమ్మా?" పెద్దావిడ మెత్తగా అడిగింది.

చిన్నావిడ గబుక్కున కెమెరా ఆపేసింది. అప్పటికే రెండు వేల మందీ చూసేశారు, మేనేజరమ్మతో సహా.

సోమవారం స్టోరు తాళాలు బొడ్లో దోపుకుని ఇంటికొచ్చిన పెద్దావిడ, చెత్తడబ్బాను మెట్లెక్కించి చిన్నావిడ గుమ్మంలో దించింది. తలుపు తెరుచుకునేదాకా నిలబడింది.

"రోజూ మెట్లు దిగి రావడం నీకు శ్రమ కదమ్మా. ఇక్కడే ఉంచుకో."