ఒకటో నంబరు టోకెన్

ఈ పొద్దున లాంప్ రూమ్ కిటికీ ముందు పన్నెండు వేల యుద్ధయంత్రాలు లైన్లో నిలబడి ఉన్నాయి. మొదటి షిఫ్టు సైరన్ ఇంకా మోగలేదు. లైను బొగ్గుబాయి గేటు దాటి, బస్టాండు దాటి, గోదావరి ఒడ్డు దాకా పోయింది. నాకు చిరాకు వేస్తోంది. నా బోర్డు మీద ఉన్న కొక్కేలు మూడు వందల పన్నెండే.

నా పేరు ఓదెమ్మ. ఈ బొగ్గుబాయిలో ఇరవై ఒక్క ఏళ్లుగా దీపాలిచ్చే పని నాది. దిగేవాడికి ఒక టోపీ దీపం, మెడలో వేసుకోవడానికి ఒక ఇత్తడి టోకెన్ ఇస్తాను. ఎక్కి వచ్చాక టోకెన్ తిరిగి ఇస్తాడు, దాని కొక్కేనికి తగిలిస్తాను. కొక్కెం ఖాళీగా ఉందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నాడని అర్థం. ఒక్క కొక్కెం ఖాళీగా ఉన్నా నేను కుర్చీలోంచి లేవకూడదు. ఇది రూలు, నేను దాన్ని ఏనాడూ తప్పలేదు.

యంత్రాలను చూడగానే గుర్తుపట్టాను. అన్నీ నావే. ఇంట్లో కంప్యూటర్ మీద నేను ఆడే యుద్ధంలో నా నీలం రంగు సైన్యం ఇది. ఎనభై కిలోమీటర్ల నేల మీద వేలకు వేల యంత్రాలను నడిపించే ఆట. మౌస్ చక్రం వెనక్కి తిప్పితే సైన్యమంతా చుక్కలైపోతుంది, ముందుకు తిప్పితే ఒక్కో యంత్రం బోల్టులు కూడా కనిపిస్తాయి. "ఓదెమ్మకు సీరియళ్లు సాలక యుద్ధాలు కావాల్నట" అని మా క్వార్టర్ల లైన్ ఆడవాళ్లు నవ్వుతారు. నవ్వుకోనీ, వాళ్ల నోరు వాళ్లిష్టం.

నిన్న సాయంత్రం నేను పసుపు రంగు సైన్యాన్ని వాళ్ల చివరి గోడ దాకా తరిమాను. సరిగ్గా అప్పుడు మా ఆయన రాజలింగు వచ్చి కంప్యూటర్ ప్లగ్గు పీకి, ఆ బొక్కల్లో మిక్సీ ప్లగ్గు పెట్టాడు. పల్లీల చట్నీ నూరడానికట! నాలుగు గంటల యుద్ధం ఒక్క క్షణంలో నల్లబడిపోయింది. నా ఒళ్లు భగ్గుమంది. అప్పటినుంచి ఆయనతో మాట్లాడలేదు. పొద్దున ఆయనకు సద్ది కూడా కట్టలేదు.

లైన్లో మొదట నిలబడ్డ ఆరు కాళ్ల యంత్రం కిటికీ దగ్గర వంగుతుంది.

"ఏం కావాలె?" అంటాను.

"మస్టర్ల హాజరు పడాలె అక్కా. ప్లగ్గు తీసినంక మాకు పని లేకుంటైంది."

మాట సబబుగానే ఉంది. పని పోయినవాళ్లు పని దొరికే చోటికే కదా వస్తారు. టోకెన్లు ఇవ్వడం మొదలుపెడతాను. ఒకటి తీసిన కొద్దీ బోర్డు చివర ఇంకో కొక్కెం, దానికి ఇంకో టోకెన్ వస్తున్నాయి. బోర్డుతో పాటు గది కూడా సాగుతోంది. ఏడు వేలు దాటేసరికి అవతలి గోడ కనిపించడం లేదు. నా కుర్చీకి చక్రాలున్నాయి కాబట్టి సరిపోయింది, లేకపోతే నా మోకాళ్ల గతి ఏం కాను!

"లైన్ తప్పకుండ్రి! ఫిరంగులు పైకి లేపుండ్రి, కరెంటు తీగలున్నయి!" అని అరుస్తాను. అవి బుద్ధిగా ఫిరంగులు పైకెత్తుతాయి.

యంత్రాల మధ్యలోంచి రాజలింగు వస్తాడు. "నా దీపం" అంటాడు. ఆయన నంబరు రెండు వందల పద్నాలుగు. నేను ఆయన మొహం చూడను, బోర్డు కూడా చూడను. కోపంలో చేతికి ఏది తగిలితే అది లాగి కిటికీ గట్టు మీదికి విసురుతాను. ఆయన కూడా చూడకుండానే మెడలో వేసుకుంటాడు.

దిగేవాళ్లతో మేమెవరం "పో" అనం. "పోయిరా" అంటాం. బాయి దగ్గర పుట్టిన పసిపిల్లకు కూడా తెలిసిన మాట ఇది. ఇవాళ నేను "పో" అంటాను. ఆయన కాసేపు నిలబడతాడు, ఇంకేమైనా అంటానేమోనని. నేను తర్వాతి టోకెన్ తీస్తాను. ఆయన దిగిపోతాడు.

అందరికంటే చివర నాలుగంతస్తుల యంత్రం వస్తుంది. అది నా కమాండర్. కిటికీ దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, ఒక కన్ను లోపలికి పెట్టి అడుగుతుంది.

"నా ఒకటో నంబరు?"

బోర్డు వైపు చూస్తాను. ఒకటో నంబరు కొక్కెం ఖాళీగా ఉంది. రెండు వందల పద్నాలుగు మాత్రం దాని చోట అదే వేలాడుతోంది.

"అది మా ఆయనకు పోయింది. కోపంల చూస్కోలే."

"అయితే ఇయ్యాల ఆయనే కమాండర్ అక్కా. టోకెన్ ఎవరి మెడల ఉంటే వాడే."

"ఆయనకు గోలీలాట కూడ రాదు!"

"రాకున్నా ఆయనే. పసుపోళ్లు అటు గాలి కోసం తవ్విన ఫ్యాన్ బాయిలకెల్లి దిగిన్రు. వాళ్లు మనిషిని చూడరు, నంబరు చూస్తరు. ఒకటో నంబరు పోతే మేమందరం పోతం. సుట్టూ నాలుగు కిలోమీటర్లు పోతది."

ఈ సంగతి నాకు తెలియక కాదు. అవతలి కమాండర్ పేలిపోయినప్పుడు లేచే ఆ తెల్లటి వెలుగును నేను ఎన్నోసార్లు చూశాను, మిర్చి బజ్జీ తింటూ చూశాను. అప్పుడు ఆ నంబరు ఎవరి మొగుడి మెడలోనూ లేదు.

లోపలి ఫోను తిప్పుతాను. కింద పని చూసే ఓవర్‌మన్ సాంబయ్య ఎత్తుతాడు.

"వదినే, గ్యాలరీ సొరంగం సాగుతాంది. పొద్దున ఎనిమిది వందల మీటర్లుండె, ఇప్పుడు నలభై కిలోమీటర్లున్నది. డ్యూటీ దిగేసరికి రిటైర్మెంట్ అయితదేమో నాకు."

"మా ఆయనేడి?"

"బొగ్గు టబ్బు మీద కూసున్నడు. పన్నెండు వేల మంది ఆయన సుట్టూ నిలబడి, ఏం జెయ్యాలె అని అడుగుతున్నరు."

"ఆయనేమన్నడు?"

"కూసోండ్రి అన్నడు. అందరు కూసున్నరు."

నేను నెత్తి కొట్టుకుంటాను. శత్రువు మీదికొస్తుంటే సైన్యాన్ని కూర్చోబెట్టినవాడు ఈ భూమ్మీద ఈయన ఒక్కడే ఉంటాడు. ఫోనులో దూరంగా ఒక చప్పుడు వినిపిస్తుంది. వెంటనే నా బోర్డు మీద తొమ్మిది వేల నాలుగో కొక్కేనికి టోకెన్ దానంతట అదే వచ్చి తగులుకుంటుంది. ముట్టుకుంటే వేలు కాలుతుంది, ఆ యంత్రం పేలిపోయిందన్నమాట. ఆ వెనకే ఇంకొకటి, ఆ వెనకే నలభై. ఇరవై ఒక్క ఏళ్లలో టోకెన్ తిరిగి వస్తే నేను సంతోషపడకపోవడం ఇదే మొదటిసారి.

గోడకున్న ఫ్యాన్ రెగ్యులేటర్‌ను మౌస్ చక్రంలా వెనక్కి తిప్పుతాను. నేల అద్దంలా తేరుకుని బాయి మొత్తం కనిపిస్తుంది. నా వాళ్లు నీలం చుక్కలు, కదలకుండా ఉన్నారు. పసుపు చుక్కలు చక్కెరకు పట్టిన చీమల్లా రాజలింగు వైపు వస్తున్నాయి. "లేవుండ్రి! ఎడమ గ్యాలరీ ముయ్యుండ్రి!" అని వేలితో నేలను పొడుస్తాను. ఒక్క చుక్క కూడా కదలదు. నా మెడలో ఒకటో నంబరు లేదు, వాటికి నా మాటతో పని లేదు.

టోకెన్లు వస్తూనే ఉన్నాయి. వెయ్యి. రెండు వేలు. నాలుగు వేలు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు, నాకు నుయ్యి ఒక్కటే ఉంది, అందులో నా మొగుడున్నాడు.

కుర్చీలోంచి లేస్తాను. అది కిర్రుమంటుంది, ఇన్నేళ్లలో ఖాళీ కొక్కేల ముందు నేను దాన్ని వదలలేదు మరి.

"రూలు?" అంటుంది కిటికీలో కన్ను.

"నువ్వు కూసో."

నాలుగంతస్తుల యంత్రం తన చిటికెన వేలును కిటికీలోంచి లోపలికి పెట్టి జాగ్రత్తగా కుర్చీలో కూర్చోబెడుతుంది. నేను ఒక దీపం తీసుకుంటాను. రెండు వందల పద్నాలుగు మెడలో వేసుకుంటాను. నా సద్ది డబ్బా చంకలో పెట్టుకుని బాయిలోకి దిగుతాను.

దారికి రెండు వైపులా నా సైన్యం మోకాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. నేను పోతుంటే కాళ్లు పక్కకు తీసి దారి ఇస్తున్నాయి. ఈ యంత్రాలను ఎన్నిసార్లు చావడానికి పంపానో నాకు లెక్క లేదు. దగ్గరినుంచి చూస్తే ఒక్కోదానికి ఒక్కో సొట్ట ఉంది. నలభై కిలోమీటర్లు పదకొండు అడుగుల్లో అయిపోతాయి, ఎందుకంటే నేను తొందరలో ఉన్నాను.

రాజలింగు టబ్బు మీద కూర్చుని ఉన్నాడు. ఆయనకు వంద మీటర్ల అవతల గ్యాలరీ నిండా పసుపు దీపాలు వెలుగుతున్నాయి. అడుగు పడ్డప్పుడల్లా పైకప్పు నుంచి బొగ్గు రాలుతోంది.

ఆయన నన్ను చూసి మొహం తిప్పుకుంటాడు. "ప్లగ్గు తీసినందుకు ఇంత లొల్లి జేస్తవా?"

"పల్లి చట్నీ అప్పుడే కావాల్నా నీకు? పది నిమిషాలాగితే సచ్చిపోతువా?"

"నాకెందుకు? నీ కోసం నూరిన. నాలుగు గంటలసంది ఏం తినకపోతివి."

నేను మిక్సీ చప్పుడు విన్నాను. గిన్నె చూడలేదు. పొయ్యి పక్కన మూత పెట్టి ఉన్న ఆ గిన్నె ఇప్పుడు గుర్తొస్తుంది. నాకు ఏడుపొస్తుంది, పసుపు సైన్యం డెబ్బై మీటర్లకు వస్తుంది.

"టోకెన్ తియ్యి. నీది ఇగో, నా మెడల ఉన్నది. ఇది వేస్కొని పైకి పో."

"నువ్వు ఈడుండి నేను పైకి పోవుడేంది? నలుగురు ఏమంటరు?"

"ఇరవై ఒక్క ఏండ్లు నువ్వు దిగుతుంటే నేను ఖాళీ కొక్కెం చూస్కుంట కూసున్న. సైరన్ అయినంక అయిదు నిమిషాలు లేటైతె నా పాణం ఎట్ల కొట్టుకుంటదో నీకెరుకేనా? ఎన్నడన్న అడిగినవా? ఈ యుద్ధం నాకొచ్చు, నీకు రాదు. ఇయ్యాల నువ్వు కూసో, కొక్కెం చూడు."

ఆయన మెల్లగా టోకెన్ తీస్తాడు. రెండు టోకెన్లూ నా అరచేతిలో ఉన్న ఆ క్షణం రెండు సైన్యాలూ ఆగుతాయి, రాలుతున్న బొగ్గు గాలిలో ఆగుతుంది. ఆయన మెడలో ఆయన నంబరు వేస్తాను. సద్ది డబ్బా చేతిలో పెడతాను. ఒకటో నంబరు నా మెడలో వేసుకుంటాను.

"పోతున్న" అంటాడు.

"అట్లనకు."

"పోయొస్త" అంటాడు. ఇద్దరికీ తెలుసు, ఆ మాట అనాల్సింది ఆయన కాదని.

ఆయన దీపం దారి మలుపులో మాయమవుతుంది. నా వెనక మిగిలిన ఎనిమిది వేల యంత్రాలు ఒక్కసారిగా లేస్తాయి. నా వీపులోంచి నల్లటి తీగ ఒకటి, కొసన ప్లగ్గుతో, బయటికి వచ్చి, ఆయన వెంటే పైకి పాకుతుంది. నేను టోపీ దీపం మర వెనక్కి తిప్పుతాను, నేల అంతా తేటగా కనిపిస్తుంది. ఎడమ గ్యాలరీ, ఫ్యాన్ బాయి, వాళ్ల కమాండర్ దాక్కున్న మూల, అన్నీ. ఇంత స్పష్టంగా ఏ ఆటలోనూ చూడలేదు.

"ఎడమ దిక్కు ముయ్యుండ్రి" అంటాను.

అప్పుడు దీపాలన్నీ ఆరిపోతాయి.

ప్లగ్గు. పైన ఎవరూ ప్లగ్గు పెట్టలేదు. నా యంత్రాలు ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయాయి. చీకట్లో పసుపు దీపాలు మాత్రం నడిచి వస్తున్నాయి. నలభై మీటర్లు. ఇరవై. మొదటి పసుపు యంత్రం ఫిరంగి చల్లగా నా టోకెన్‌కు తగులుతుంది. అది నంబరు చదువుకుంటోంది. నాకు చచ్చేంత భయంగా ఉంది. రాజలింగుకు నేను ప్లగ్గు సంగతి చెప్పలేదు, ఆయనకేం తెలుస్తుంది!

దీపాలు వెలుగుతాయి.

పసుపు యంత్రం ఒక అడుగు వెనక్కి వేస్తుంది. నేను దీపం మరను ఇంకా వెనక్కి తిప్పుతాను. గ్యాలరీ చిన్నదవుతుంది, బాయి చిన్నదవుతుంది, ఊరు, గోదావరి, అన్నీ అరచేతంత అవుతాయి. లాంప్ రూమ్ ఒక్కటి మాత్రం చిన్నది కాదు. అందులో కుర్చీలో రాజలింగు కూర్చుని ఉన్నాడు. గది గోడలు సాగి సాగి ఎక్కడికో పోయాయి, ప్లగ్గు పెట్టడానికి ఒక్క కరెంటు బోర్డూ ఆయనకు దొరకలేదు. చొక్కా గుండీలు విప్పి ఉన్నాయి. ఎడమ రొమ్ము మీద మూడు బొక్కలు, అందులో నా తీగ ప్లగ్గు. ఊడిపోకుండా రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు.

సద్ది డబ్బా మూత తీయకుండా ఒకటో నంబరు కొక్కెం కింద పెట్టాడు. ఆ ఖాళీ కొక్కేన్ని రెప్ప వేయకుండా చూస్తున్నాడు. పెదాలు కదులుతున్నాయి. చప్పుడు ఇంత దూరం రాదు, అయినా ఆ మాట నాకు తెలుసు. ఇరవై ఒక్క ఏళ్లు నేను ఆయనకు చెప్పిన మాటే.

ఆయన గుండె కొట్టుకున్నప్పుడల్లా ఎనిమిది వేల దీపాలు వెలుగుతున్నాయి, మధ్యలో ఆరుతున్నాయి. వెలిగినప్పుడు ఒక అడుగు, ఆరినప్పుడు ఆగుతూ, నేను నా సైన్యాన్ని నడిపిస్తున్నాను.