ఇన్‌స్పెక్షను తేదీ

"కొత్త బండికి ఇన్‌స్పెక్షను ఎందుకు సార్ అంటే ఇనడే ఆ ఆర్టీవో ఆఫీసోడు," అన్నాడు మా ఆయన, అన్నం తిన్న పళ్ళెంలోనే చెయ్యి కడుక్కుంటూ. "బండిని తేవాలెనట, ఓనరు గూడ రావాలెనట." అప్పుడు తలెత్తి నా ముఖం చూశాడు. ఆరేళ్ళ కాపురంలో అంత శ్రద్ధగా ఎప్పుడూ చూడలేదు. ఎడమ కన్ను వాచి మూసుకుపోయి ఉంది. ముందు రోజు పులుసులో ఉప్పు ఎక్కువైనందుకు ఆయన చేసిన పని. "ఈ మొకంతోని ఎట్ల తీస్కపోవాలె? ఇంక పదకొండు రోజులున్నయి. అప్పటికి మానుతదా?" అన్నాడు.

ఓనరును నేను. నవ్వొస్తుంది. మా ఆయన స్తెఫను, బొగ్గు గనుల స్టోర్సులో కీపరు. కారు తన పేరున ఉంటే డబ్బెక్కడిదని పైవాళ్ళు అడుగుతారని, ఫియట్ బుక్ చేసిన నాడే నా పేరు రాయించాడు. సంతకం పెట్టమన్నాడు, పెట్టాను. వంటా, బొగ్గుల పొయ్యీ, నీళ్ళు మోయడమూ, అత్తమ్మ కాళ్ళు పిసకడమూ అయ్యాక ఇప్పుడు కొత్తగా కారు తుడవడం కూడా నాదే. నాది కదా మరి!

"వానికి కోపమొస్తే కండ్లు గానరావు బిడ్డా, మొగోడన్నంక గంతే," అనేది అత్తమ్మ. ఆయనా అంతే. కొట్టినంతసేపు కొట్టి, మంచం మీద కూలబడి, "నాకు సోయుండది సుగుణా, ఏం చేస్తున్ననో నాకే తెల్వది," అనేవాడు. నేను నమ్మాను. మూడో నెల కడుపు ఆయన తన్నుకు పోయినప్పుడు, దవాఖానలో నర్సుకు మెట్ల మీద జారిపడ్డానని చెప్పింది ఆ నమ్మకంతోనే. రామగిరి నుంచి వచ్చిన నన్ను కన్న అవ్వ యేసమ్మ మాత్రం నా వీపు తడిమి, "నడువు బిడ్డా, మనింటికి పోదాం," అంది. నేను పోలేదు. సోయి లేని మనిషిని వదిలి ఎట్లా పోతాననుకున్నాను. థూ, నా బుద్ధికి!

ఆ పదకొండు రోజుల్లో ఆరో రోజు, చొక్కాకు గుండీ ఊడిందని చెయ్యెత్తాడు. అరచెయ్యి నా చెంప దాకా వచ్చి ఆగింది. నిజంగా ఆగింది. నా కన్ను దగ్గరగా చూశాడు, వాపు ఎంత తగ్గిందోనని. తర్వాత నన్ను వెనక్కి తిప్పి, జాకెట్టు కప్పే చోటు చూసుకుని బెల్టుతో బాదాడు. బెల్టు బిళ్ళ వీపులో దిగి నెత్తురు కారింది. నా ముఖం గోడకు గుద్దుకోకుండా జుట్టు పట్టి ఆపాడు కూడా. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళంతా మంటగా కోపమొచ్చింది. ఈ మనిషికి అన్నీ కనబడుతున్నాయి. తేదీ కనబడుతోంది, జాకెట్టు అంచు కనబడుతోంది. ఆరేళ్ళూ అన్నీ కనబడుతుండగానే కొట్టాడు.

పదకొండో రోజు కరీంనగర్ వెళ్ళాం. ఆయనకు తోలడం రాదు కనుక డ్రైవరు మొగిలి తోలాడు. నా ముఖానికి పౌడరు ఆయనే రాశాడు. ఇన్‌స్పెక్టరు బానెట్ ఎత్తి నంబర్లు సరిచూశాడు, బ్రేకు తొక్కించాడు, హారన్ కొట్టించాడు. తలుపు మీద వెంట్రుకంత గీత చూపిస్తే మా ఆయన "అయ్యో" అంటూ తన రుమాలుతో తుడిచాడు. ఆ మాట ఆయనకు వచ్చని నాకు తెలియదు.

"ఓనరెవరు?"

"నేనే," అన్నాడాయన, అలవాటు కొద్దీ.

"కాయితంల సుగుణమణి అని ఉన్నది. నువ్వేనా సుగుణమణివి?"

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లున నవ్వారు. ఆయన ముఖం నల్లబడింది. నేను ముందుకెళ్ళి సంతకం పెట్టాను. "అయిపోయిందమ్మా. ఇగ చూసేది లేదు," అని ఇన్‌స్పెక్టరు కాగితాలూ తాళంచెవీ నా చేతికిచ్చాడు.

అయిపోయింది. నా ముఖానికున్న గడువు కూడా అయిపోయింది. ఆయన నా చెవి దగ్గరికి వంగి, "ఇంటికి నడువు, ఇయ్యాల నీ పండ్లు రాలగొడ్త," అని నవ్వు ముఖంతో చెప్పి, సిగరెట్టు కోసం రోడ్డవతల ఉన్న దుకాణానికి పోయాడు. నాకు చచ్చేంత భయమేసింది. ఆ భయంతోనే కారెక్కి, తలుపు లోపలి నుంచి గడియ వేసి, తాళంచెవి ముందు సీట్లో కూర్చున్న మొగిలికిచ్చాను.

"అన్నా, రామగిరికి పోనియ్. మా అవ్వ దగ్గరికి."

ఆయన రోడ్డు దాటి కేకలు పెడుతూ పరుగెత్తుకొస్తున్నాడు. మొగిలి అటు చూసి, నా వైపు తిరిగాడు.

"సారు ఎక్కలే గదమ్మా?"

"ఓనరు ఎక్కింది. పోనియ్."