తిప్పి పెట్టిన దిమ్మ

రొమ్మును అదిమి పట్టే ప్లేటును స్పిరిట్ దూదితో తుడుస్తుండగా పద్మ మేడం చాయ్ తెచ్చింది. చిక్కడపల్లిలో ఆ ఇంటి కింది అంతస్తే మా స్కానింగ్ సెంటర్. పైన యజమాని రాఘవేందర్ సార్ కుటుంబం ఉంటుంది. మేడం ఆయన భార్య.

"ఆ గడ్డ ఇంక చెయ్యికి తగుల్తనే ఉన్నది సరితా," అంది, ఎడమ చంక కింద చెయ్యి పెట్టుకుని.

పది రోజుల కింద ఇదే మిషన్ మీద నేనే ఆమెకు మామోగ్రామ్, అంటే రొమ్ము ఎక్స్‌రే, తీశాను. ఏమీ లేదని రిపోర్టు వచ్చింది. నారాయణగూడలో ఇంకోచోట చూపించుకుంటానని ఆమె అడిగితే, సొంత సెంటర్ పెట్టుకుని పక్కోళ్ల దగ్గరికి పోతే జనం నవ్వుతారని సార్ కసిరాడు.

ఆ రోజు సోమవారం. వారానికోసారి మిషన్‌ను పరీక్షించాలి. దానికో ప్లాస్టిక్ దిమ్మ ఉంటుంది. రొమ్ములో జబ్బు గుర్తులు ఎట్లుంటాయో అట్లే, లోపల మైనంలో సన్న దారాలు, చుక్కల గుంపులు, చిన్న గడ్డలు పొదిగి ఉంటాయి. దాన్ని మిషన్‌తో ఫోటో తీసి, తెర మీద కనబడినన్ని లెక్కపెట్టాలి. నాలుగు దారాలు, మూడు గుంపులు, మూడు గడ్డలకు తక్కువైతే ఆ మిషన్ మీద ఎవరినీ తీయకూడదు.

లెక్కపెట్టేది సార్ చెల్లెలు రాగిణక్క. దిమ్మను ఎప్పుడూ ఒకే వైపు పెట్టిస్తుంది. ఏది ఎక్కడుందో ఆమెకు కంఠతా వచ్చు. ఈ మధ్య బొమ్మ తెర మీదికి పూర్తిగా రాకముందే ఆమె పెన్ను కదలడం చూస్తున్నాను. కావాలని చేస్తుందనుకోలేదు. తెలిసిన చోట వెతికితే లేనిది కూడా కనబడుతుంది. నాకూ కనబడేది.

అందుకే ఆ రోజు దిమ్మను తిప్పి పెట్టాను.

"నాలుగు, మూడు, మూడు. రాస్కో," అంది రాగిణక్క.

"జర చూపియ్యక్కా, ఏవేవి?"

వేలు తెర మీద పెట్టింది. "గిది పెద్ద దారం. దాని పక్కకు గిదో..."

"దిమ్మ తిప్పి పెట్టినక్కా. పెద్ద దారం ఆ కింది మూలకున్నది. నాకు దారాలు మూడు, గుంపులు రెండు, గడ్డలు రెండే కనబడ్డయి."

వేలు అక్కడే ఆగిపోయింది. తర్వాత ఆమె అరుపుకు సార్ మెట్లు దిగి వచ్చాడు.

"నాకు పరీక్ష పెడ్తదటన్నా! ఊరికెళ్లి మక్తల్ బస్సు దిగి ఏడాది కాలేదు, అప్పుడే పంతులమ్మ అయింది."

"సీదా పెట్టు. మళ్ల తియ్యి," అన్నాడు సార్ నాతో.

తీశాను. రాగిణక్క తెర మీద వేలు జరుపుతూ పైకి లెక్కపెట్టింది. నాలుగు. మూడు. మూడు.

"అయిపాయె. ఇంకేంది?" అన్నాడు సార్.

"మీరు చూసిన్రా?" తలుపు దగ్గర నుంచి మేడం సార్‌ను అడిగింది. ఆమె ఇంకా పైకి పోలేదు.

"నీ ఫోటో చూసి రిపోర్టు రాసింది దోమలగూడ డాక్టర్ సాబ్. రాగిణి కాదు."

"మిషన్ల పడనిది ఆయనేం చదువుతడు?"

"వదినెకు ముందుసంది నేనంటే కండ్లమంటనే," అంది రాగిణక్క. "గీ పోరిని అడ్డం పెట్టుకుని డ్రామాలు!"

"మెల్లగ మాట్లాడున్రి. బయట తొమ్మిది మంది కూసున్నరు." సార్ నా వైపు తిరిగాడు. "వాళ్లకు తీస్తవా, పోతవా?"

"ఇంజనీరు వచ్చి చూసేదాక తియ్యను సార్."

"అయితే నడువ్. నీకు ఈ చుట్టుపక్కల ఎవడు కొలువిస్తడో నేనూ చూస్త."

నేను కోటు విప్పుతుంటే ఆయన మేడంతో అన్నాడు: "అంత అనుమానముంటే నిలబడు, ఇప్పుడే మళ్ల తీపిస్త. రాగిణీ, తియ్యి."

రాగిణక్క ప్లేటును కిందికి లాగింది. మేడం ఆ ప్లేటు వైపు చూసి పైకి వెళ్లిపోయింది.

"చూసినవా? భయం, అంతే," అన్నాడు సార్.

పది నిమిషాలకు ఆమె చీర మార్చుకుని, తన రిపోర్టుల కవరు పట్టుకుని దిగింది. సార్ గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"ఎటు? నారాయణగూడకా? నా ఇజ్జత్ తియ్యనీకా?"

ఆమె పక్కకు తిరిగి, ఆయన చెయ్యి తగలకుండా బయటికి నడిచింది. బెంచీ మీది ఆడవాళ్లలో ఒకామె, ఈమె కూడా తమలాగే వచ్చిందనుకుని కొంచెం జరిగి చోటిచ్చింది. మేడం కూర్చోలేదు. చెప్పులేసుకుని గేటు దాటింది.